బండి ఆగాక ఎన్ని నిమిషాలు

కాలేజీలో దరఖాస్తులు తీసుకునే గుమస్తా మా ఇద్దరినీ ఒకసారి ఎగాదిగా చూసి, మా పిన్ని వైపు తిరిగి, "అమ్మాయిని చేర్పించడానికి మీరొచ్చారు, బాగానే ఉంది. కానీ సంతకం తల్లిదో తండ్రిదో ఉండాలండీ" అన్నాడు.

"దాని కాగితం మీద వాళ్లమ్మ సంతకం పెట్టే పంపింది. ఇది నాది" అంటూ పిన్ని రెండో దరఖాస్తును అద్దం కింది సందులోంచి లోపలికి తోసింది.

గుమస్తా అందులో పుట్టిన సంవత్సరం చూశాడు. పిన్నిని చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ కాగితం చూశాడు.

"కోర్సు పేరు సరిగ్గానే రాశారా?"

"అత్యవసర వైద్య సేవల వ్యవస్థ. తప్పుంటే చెప్పండి, దిద్దుకుంటాను."

మా వెనక వరసలో నిలబడ్డవాళ్లు కిసుక్కున నవ్వారు. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. భూమి రెండుగా చీలితే అందులోకి దూరిపోదామనిపించింది. పిన్నికి నలభై ఎనిమిదేళ్లు. అందులో పద్దెనిమిదేళ్లు అంబులెన్సు నడపడంలోనే గడిచాయి. ఆ నవ్వులు ఆమె చెవిన పడ్డాయో లేదో గానీ, గుమస్తా ముద్ర వేసిన రసీదును నాలుగు మడతలు పెట్టి, యూనిఫారమ్ చొక్కా జేబులో వేసుకుని, "పద, మూడింటికి నాకు డ్యూటీ" అంది.

ఆమె మా అమ్మకు సొంత చెల్లెలు. మా ఇల్లూ వాళ్ల ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. అక్కాచెల్లెళ్లిద్దరూ చాలా విషయాలు ఆ గోడ మీద కొట్టి చెప్పుకుంటారు. ఒక దెబ్బ కొడితే టీ పెడుతున్నానని. రెండు కొడితే రమ్మని. వరసగా కొడుతూనే ఉంటే కోపం వచ్చిందని. మా బాబాయి దర్జీ. వాళ్ల ముందు గదంతా ఆయన మిషను, గుడ్డ ముక్కలు, గోడకు వేలాడే అట్ట కొలతలు. ఆయన రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. పిన్ని అందుకు లోటు రానివ్వదు.

పెళ్లికి ముందు పిన్ని ఒక బేకరీ వ్యాను నడిపేది. తెల్లవారే దుకాణాలకు రొట్టెలు చేరవేసే పని. ఒక పొద్దున దారిలో ఎవరో సైకిలు మీంచి పడిపోయి నెత్తురోడుతూ కనిపించాడట. చుట్టూ పదిమంది నిలబడి ఎవరికి ఫోన్ చెయ్యాలా అని చర్చిస్తున్నారట. పిన్ని రొట్టెల ట్రేలు ఒక పక్కకు జరిపి, అతన్ని వాటి మధ్య పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకుపోయింది. అక్కడి డాక్టరు వ్యాను తలుపు తెరిచి, కమ్మటి వాసన వచ్చేసరికి తెల్లబోయి, "మీరు ఏ అంబులెన్సు?" అన్నాడట. "రొట్టెల అంబులెన్సు సార్, ముందు ఆయన్ని దింపండి" అందట ఈమె. ఆ రోజు రొట్టెలు మధ్యాహ్నానికి గానీ దుకాణాలకు చేరలేదు. యజమాని నానా మాటలూ అన్నాడు. మరో మూడు నెలలకు ఆమె అసలైన అంబులెన్సు స్టీరింగు పట్టుకుంది.

అంబులెన్సు స్టేషన్‌లో అందరూ ఆమెను బండక్క అంటారు. మొదట్లో బండి అక్క అనేవారు. పిలవగా పిలవగా అది అరిగిపోయి బండక్క అయింది. "నన్ను బండి అంటున్నారో బండ అంటున్నారో ముందు తేల్చుకోండి" అని ఆమె కొన్నాళ్లు పోట్లాడి ఊరుకుంది. ఆమె బండిలోనే వైద్య సహాయకుడిగా పనిచేసే పొడుగాయన మాత్రం, "ఒకసారి మన బండి బురదలో దిగబడితే నలుగురం నెట్టినా కదల్లేదు. ఈవిడ వచ్చి భుజం ఆనించింది, కదిలింది. అప్పట్నుంచీ రెండర్థాలూ నప్పాయి" అంటాడు.

ఇక కోర్సు సంగతి. కట్లు కట్టడం, ఊపిరి అందించడం లాంటివి అక్కడ నేర్పరు. ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఫోన్ ఎవరెత్తాలి, ఏమడగాలి, బండ్లు ఏ మూలల్లో నిలబెట్టాలి, ఏ రోగిని ఏ ఆస్పత్రికి తీసుకెళ్లాలి, ఇదంతా సరిగ్గా నడుస్తోందో లేదో ఎలా కొలవాలి, ఇవన్నీ నేర్పే ఏడాది కోర్సు. వారానికి మూడు మధ్యాహ్నాలు క్లాసులు. పాసైన డ్రైవర్లకు కంట్రోల్ రూములో పర్యవేక్షకులుగా అవకాశం ఇస్తామని స్టేషన్‌కు కాగితం వచ్చింది. పిన్ని తప్ప ఎవరూ ముందుకు రాలేదు. నేనేమో ఏం చదవాలో తేలక ఇంట్లో ఈగలు తోలుకుంటున్నాను. "నాతో పాటు రా. ఒక్కదాన్నే కూర్చోవాలంటే నాకు భయం" అంది పిన్ని. ఆమె నోట భయం అన్న మాట వినడం నాకదే మొదలు.

మా క్లాసు మూడో అంతస్తులో. పాఠం చెప్పే సారుకు ముప్పై రెండేళ్లుంటాయి. సన్నగా, ఇస్త్రీ చొక్కాలో, సుద్దముక్కను కూడా పెన్సిలులా చెక్కుకుని వాడే మనిషి. ప్రతి విషయానికీ బోర్డు మీద ఒక గ్రాఫు గీస్తాడు గనక పిల్లలు ఆయనకు గ్రాఫుల సారు అని పేరు పెట్టారు. పిన్ని మొదటి బెంచీలో, యూనిఫారమ్‌లోనే కూర్చునేది. క్లాసు కాగానే డ్యూటీ ఉండేది మరి.

రెండో వారం సారు ఒక గీత గీసి, "ఫోన్ వచ్చిన క్షణం ఇది. అంబులెన్సు చేరిన క్షణం ఇది. ఈ రెంటి మధ్య దూరమే మన పనితనానికి కొలత. ఎనిమిది నిమిషాల లోపుంటే మంచి వ్యవస్థ అంటాం" అన్నాడు.

పిన్ని చెయ్యి లేచింది.

"సార్, ఎనిమిదో నిమిషానికి చేరింది ఎవరు? బండా, మేమా?"

"అంటే?"

"బండి వాకిట్లో ఆగింది సార్. మనిషి నాలుగో అంతస్తులో ఉన్నాడు. గేటుకు తాళం. తాళం తీసే ఆయన టీకి పోయాడు. మీ గీత వాకిట్లో ఆగిపోయింది. మేము ఇంకా మెట్లెక్కుతున్నాం."

వెనక బెంచీల్లో నవ్వులు. సారు నవ్వలేదు. సుద్దముక్కతో గీత చివర ఒక చుక్క పెట్టాడు. "రికార్డులు అక్కడి వరకే ఉన్నాయమ్మా. దాని తర్వాతది ఎవరూ రాసుకోవడం లేదు" అన్నాడు.

"నేను రాయడం లేదని నాకు తెలుసు సార్. మీరైనా ఎక్కడన్నా రాశారేమో అని అడిగాను."

అక్కడి దాకా బాగానే ఉంది. మొదటి పరీక్ష వచ్చింది. అత్యవసర వైద్య సేవల వ్యవస్థలోని భాగాలను వివరించుము అని పది మార్కుల ప్రశ్న. నేను మూడు పేజీలు నింపాను. పిన్ని రాసింది ఇదీ: ఒకరు ఫోన్ చెయ్యాలి. ఒకరు ఎత్తాలి. ఒకరు పోవాలి. ఒకరు ఆస్పత్రిలో తలుపు తీసి ఉంచాలి. వీళ్లలో ఏ ఒక్కరు నిద్రపోయినా మిగతావాళ్ల కష్టం వృథా.

పదికి రెండు వచ్చాయి. మొత్తం మీద యాభైకి తొమ్మిది. ఫలితాలు గోడకు అంటించారు. అందరి కన్నా కింద పేరు ఆమెది. అంతకు ముందు రోజే పిల్లలొకరిద్దరు ఆమెతో, "మీకేం ఆంటీ, అన్నీ చూసినవే కదా" అన్నారు. ఇప్పుడు వాళ్లు ఆమె మొహం చూడకుండా పక్కనుంచి జారుకున్నారు. పిన్ని ఆ కాగితం ముందు కాసేపు నిలబడి, "అద్దం మీద మసి ఉంది, తుడవాలి" అంటూ బండి దగ్గరికి వెళ్లిపోయింది.

తర్వాత మూడు క్లాసులకు రాలేదు. డ్యూటీ మారిందని చెప్పింది. మారలేదని పొడుగాయన చెప్పాడు. ఆ సాయంత్రం నేను వాళ్లింటికి వెళ్లేసరికి బాబాయి మిషను తొక్కుతున్నాడు, పిన్ని కింద కూర్చుని చొక్కాలకు గుండీలు కుడుతోంది. సూది పట్టుకుందంటే మనసు బాగా లేదని అర్థం.

"మానేస్తాను. నాకు రాదు. చేత్తో చేసేది నోటితో చెప్పమంటే చెబుతాను గానీ, కాగితం చూస్తే నా తలకాయ ఖాళీ అయిపోతోంది" అంది.

"మరి ఎందుకు చేరావు? పర్యవేక్షకురాలివి అవుదామనా?"

పిన్ని దారం కొరికి తెంపింది. బాబాయి మిషను ఆపి, "దానికి చెప్పు" అన్నాడు. ఆ రోజుకు ఆయన మాట్లాడిన మొదటి మాట అదేననుకుంటాను.

అప్పుడు చెప్పింది. అప్పటికి రెండేళ్ల ముందు, ఒక పట్టపగలు ఒక భవంతి నుంచి ఫోన్ వచ్చింది. పుస్తకాలకు అట్టలు వేసే పని చేసే ఒకావిడకు ఊపిరాడటం లేదు. పిన్ని బండి ఏడు నిమిషాల్లో వాకిట్లో ఉంది. వైర్‌లెస్‌లో "చేరాం" అని చెప్పింది. కంట్రోల్ రూములో అది రాసుకున్నారు. ఇల్లు ఐదో అంతస్తు. గేటుకు తాళం. లోపల రెండు మెట్ల దారులు, ఒకటి ఆ ఇంటికి పోదు. లిఫ్టు తాళం చెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. స్ట్రెచరు మెట్ల మలుపులో తిరగదు. పిన్నీ పొడుగాయనా ఆమె దగ్గరికి చేరేసరికి ఇంకో పన్నెండు నిమిషాలు. అప్పటికే ఆలస్యమైపోయింది.

"వాళ్లాయన నన్ను ఒక్క మాట అనలేదే. ఎంతసేపట్లో వచ్చారమ్మా అని అడిగాడంతే. ఏడు నిమిషాల్లో వచ్చామండీ అన్నాను. నిజమే కదా, రిజిస్టరులో అదే ఉంది. ఆయన నా వంక చూసి, మాకంత తక్కువ అనిపించలేదమ్మా అన్నాడు."

ఆమె చేతిలోని చొక్కా పక్కన పెట్టింది.

"ఆ నెల అందరికన్నా తొందరగా చేరుతున్నామని మన స్టేషన్‌కు షీల్డు ఇచ్చారు. నన్ను ముందు నిలబెట్టి ఫొటో తీశారు. అందులో నేను నవ్వాను కూడా."

బాబాయి లేచి మంచినీళ్లు తెచ్చిచ్చాడు. కాసేపటికి నేను నోటుపుస్తకం తెరిచి, "పిన్నీ, వైర్‌లెస్‌లో కంట్రోల్ రూముకి ఎలా చెబుతావు?" అన్నాను.

"ఎక్కడున్నాను, ఏం చూశాను, ఏం చేశాను, ఏం కావాలి."

"ప్రతి ప్రశ్నకూ అలాగే రాయి. సారు కంట్రోల్ రూములో కూర్చున్నాడనుకో."

అది పనిచేసింది. అంటే రాత్రికి రాత్రే పండితురాలైపోయిందని కాదు. మొదట నోటితో చెప్పేది, నేను రాసేదాన్ని. తర్వాత నేను పెన్ను ఇచ్చేసి గోడవతలికి వెళ్లిపోయేదాన్ని. అరగంటకోసారి గోడ మీద దబదబా బాదేది. వెళితే, "నిర్వహణలో చివరిది నకారమా, ణకారమా?" అని అడిగేది. రెండో పరీక్షలో యాభైకి ఇరవై ఒకటి తెచ్చుకుంది. ఆ జవాబులు చదివి సారు, "ఈ పేపరు చదువుతుంటే ఎవరో నన్ను పరుగెత్తమంటున్నట్టుందమ్మా" అన్నాడు. పొగిడాడో తిట్టాడో తెలియక పిన్ని వారం పాటు నన్ను అడుగుతూనే ఉంది.

ఆ తర్వాత ప్రాజెక్టు. ఇద్దరిద్దరుగా ఒక అంశం తీసుకోవాలి. మాది వేరే ఏముంటుంది? బండి ఆగాక మనిషి దగ్గరికి చేరడానికి ఎన్ని నిమిషాలు. సారు అరవై కాల్స్ కావాలన్నాడు. దానికి స్టేషన్ అధికారి అనుమతి కావాలి. ఆయన మంచివాడే, కాకపోతే కొంచెం భయస్తుడు. షీల్డు ఆయన కుర్చీ వెనకే ఉంటుంది.

"ఎందుకమ్మా లేనిపోనివి? రెండో టైము రాయడం మొదలుపెడితే పైవాళ్లకు మనం ఆలస్యమైనట్టు కనిపిస్తుంది. ఇప్పుడు బాగానే ఉన్నాం కదా?"

"మనం బాగానే ఉన్నాం సార్" అంది పిన్ని.

ఆయన కాసేపు బల్ల మీది పేపర్ వెయిట్ తిప్పాడు. తర్వాత, "మీ పుస్తకంలో రాసుకోండి. నా రిజిస్టరులో వద్దు" అన్నాడు. మాకు అదే చాలు.

నెలన్నర పాటు పొడుగాయన మెడలో ఒక స్టాప్‌వాచ్ వేలాడింది. బండి ఆగగానే ఒక నొక్కు, రోగి చెయ్యి పట్టుకోగానే ఒక నొక్కు. సెలవు రోజుల్లో పిన్నీ నేనూ ఆ భవంతులకు మళ్లీ వెళ్లి, బాబాయి టేపుతో లిఫ్టుల లోతు, మెట్ల మలుపులు కొలిచేవాళ్లం. ఒకచోట కాపలాదారు మమ్మల్ని ఇల్లు కొనడానికి వచ్చామనుకుని పైదాకా తిప్పి చూపించాడు. మరోచోట ఒక పెద్దావిడ తలుపు ఓరగా తీసి, "కర్టెన్లకా?" అంది. పిన్ని ఆవిడతో అరగంట మాట్లాడి, కర్టెన్ల పని బాబాయికి కుదిర్చి మరీ వచ్చింది. చాలా లిఫ్టుల్లో స్ట్రెచరు పట్టదని, నలుగురు మనుషులు నిలబడి వెళ్లడానికే అవి కట్టారని నేను అప్పుడే తెలుసుకున్నాను. అప్పట్నుంచి ఏ ఇంటికి వెళ్లినా నా కళ్లు ముందు మెట్ల మలుపు మీదికే పోతాయి.

అరవై కాల్స్ పూర్తయ్యాయి. బండి వాకిట్లోకి చేరడానికి సగటున ఏడున్నర నిమిషాలు. అక్కడినుంచి మనిషి దగ్గరికి ఇంకో ఐదు. మూడో అంతస్తు దాటితే తొమ్మిది, పది. ఎక్కువ ఆలస్యం తాళం వేసిన గేట్ల దగ్గర, ఎదురొచ్చి దారి చూపేవాళ్లు లేనిచోట. పిన్ని ఆ అంకెల పట్టీని అట్ట మీద అంటించి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని సారు గదికి తీసుకెళ్లింది.

సారు చదివాడు. ఆయన మొహం వెలిగింది. వేలితో వరసలు చూస్తూ పోయి ఒకచోట ఆగాడు.

"ఇరవై రెండో కాల్ తర్వాత ఇరవై నాలుగు ఉందేమిటమ్మా? నలభై ఒకటి కూడా లేదు. మొత్తం యాభై ఎనిమిదే ఉన్నాయి."

నేను పిన్ని వంక చూశాను. నాకూ తెలియదు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"అవి తీసేశాను సార్."

"ఎందుకు?"

"వాటిలో గేటు తప్పు లేదు, లిఫ్టు తప్పు లేదు. ఒకచోట నేనే తప్పు మెట్లెక్కాను. ఇంకోచోట ఆక్సిజన్ బండిలో మరిచిపోయి, పైదాకా పోయి మళ్లీ దిగొచ్చాను. పదమూడు నిమిషాలు, పదకొండు నిమిషాలు."

సారు కోప్పడతాడనుకున్నాను. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని, చాలా మెల్లగా అన్నాడు. "మొదటి నెలలో మీరు నన్నొక ప్రశ్న అడిగారు. నా గీత ఎందుకు వాకిట్లోనే ఆగిపోయిందని. అప్పటి రికార్డులు రాసినవాళ్లు కూడా వాళ్లకు ఇబ్బంది లేని చోటే ఆపేశారమ్మా. మీరు కూడా అలాగే ఆపితే ఎలా?"

పిన్ని పట్టీ తీసుకుని లేచింది. నేను నడుపుతున్న స్కూటరు వెనక కూర్చుని ఇంటికి వచ్చేదాకా ఒక్క ముక్క అనలేదు. అది జరగని పని. ఇంటికొచ్చి పట్టీ చింపేసి కొత్తది గీసింది. రెండు కాల్స్ చేర్చింది. కారణం అన్న గడిలో, డ్రైవరు దారి తప్పింది అనీ, డ్రైవరు సామాను మరిచింది అనీ తన చేత్తో రాసింది. తర్వాత, "నా కంటే చిన్నవాడు, ఎంత మర్యాదగా తిట్టాడే" అంది. ఆ రోజు నుంచి ఆమె సారును గ్రాఫుల సారు అనడం మానేసింది. ఎవరైనా అంటే కసురుకునేది.

ప్రాజెక్టు చెప్పవలసిన రోజున బయటి నుంచి ఒక పరీక్షకురాలు వచ్చింది. పెద్ద డాక్టరమ్మ. స్టేషన్ అధికారిని కూడా సారు పిలిచాడు. ఆయన వెనక వరసలో, ఎవరికీ కనబడకూడదన్నట్టు కూర్చున్నాడు. నేను అంకెలు చెప్పాను. పిన్ని భవంతుల గురించి చెప్పింది. మొదట తడబడినా, తర్వాత వైర్‌లెస్ పట్టుకున్న మనిషిలా గడగడా చెప్పుకుపోయింది.

డాక్టరమ్మ అంతా విని, "మెట్ల మలుపులో స్ట్రెచరు తిరగకపోతే కొంచెం వంచి తిప్పుకోవచ్చు కదా? దానికి అన్ని నిమిషాలా?" అంది. వెక్కిరింపుగా కాదు, తెలుసుకుందామనే.

పిన్ని సమాధానం చెప్పబోయి, ఆగి, "కింద మా బండి ఉంది మేడమ్. చూపించమంటారా?" అంది.

పొడుగాయన స్ట్రెచరు తెచ్చాడు. ఎవరు పడుకుంటారన్నప్పుడు క్లాసంతా కళ్లు దించుకుంది. సారు బూట్లు విప్పి పడుకున్నాడు. పిన్ని పట్టీలు బిగించింది. నేనూ ఇంకో ఇద్దరూ చెయ్యేశాం. గదిలోంచి బయటికి బాగానే వచ్చాం. వరండా బాగానే దాటాం. మెట్ల మొదటి మలుపులో స్ట్రెచరు కాళ్లవైపు గోడకు, తలవైపు కటకటాలకు తగిలి బిగుసుకుపోయింది. పైకెత్తితే సారు కాళ్లు ఆకాశానికి, తల పాతాళానికి. దించితే ఆయన ముక్కు పొడుగాయన మోచేతికి. అటు జరుపు, ఇటు జరుపు అని పదిమంది పది సలహాలు. కింద నుంచి పైకి వస్తున్న దరఖాస్తుల గుమస్తా దారి లేక, చేతిలో ఫైళ్లతో అలాగే నిలబడిపోయాడు.

"ఎలా ఉంది సార్?" అంది పిన్ని.

"నాకు చాలా దూరం కనిపిస్తోందమ్మా" అన్నాడు సారు, తలకిందులుగా.

అందరూ నవ్వారు. డాక్టరమ్మ నవ్వలేదు. ఆవిడ మెట్ల మీద కూర్చుని తన గడియారం చూసుకుంటోంది. మేము ఆయన్ని కిందికి దించేసరికి ఆరు నిమిషాల నలభై సెకన్లు. "ఊపిరి బాగా ఆడుతున్న మనిషికి ఇంతసేపు పట్టింది" అని మాత్రం అందావిడ.

స్టేషన్ అధికారి బండి దగ్గరికి వచ్చాడు. స్ట్రెచరు మీద చెయ్యి వేసి, "ఆ రెండో టైము నా రిజిస్టరులోనే రాద్దాం బండక్కా" అన్నాడు. అంత మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో ఆయన చెమటే చెప్పింది.

ఆ ఏడాది చివరికి కంట్రోల్ రూములో ఫోన్ ఎత్తేవాళ్లకు మూడు ప్రశ్నలు కొత్తగా చేరాయి. ఎన్నో అంతస్తు? లిఫ్టు పనిచేస్తోందా? గేటు దగ్గర ఎవరు నిలబడతారు? మలుపుల్లో స్ట్రెచరు తిరగని ఇళ్ల కోసం, ఎనిమిది పిడులున్న దళసరి గుడ్డ ఒకటి ప్రతి బండిలోనూ పెట్టారు. మొదటి గుడ్డ కుట్టింది బాబాయే. మూడు సార్లు కుట్టి, మూడు సార్లు తనే అందులో పడుకుని, పొడుగాయన చేత మోయించుకుని చూసి గానీ ఇవ్వలేదు. రిజిస్టరులో రెండు గడులు వచ్చాయి: బండి ఆగిన టైము, మనిషిని ముట్టుకున్న టైము. అంకెలు చూడ్డానికి మునుపటికన్నా అధ్వాన్నంగా తయారయ్యాయి. షీల్డు వేరే స్టేషన్‌కు వెళ్లిపోయింది. గోడ మీద దాని చోట తెల్లటి మచ్చ మిగిలింది.

పిన్ని పరీక్ష పాసైంది. పాసవడానికి నలభై కావాలి, నలభై మూడు వచ్చాయి. నాకు డెబ్బై ఆరు. వీధిలో అందరికీ ఆమె నా మార్కులే చెప్పుకుంది. తనవి అడిగితే, "మూడు ఎక్కువే వచ్చాయి" అనేది.

ఫలితాలొచ్చిన వారానికి నన్ను వెంటబెట్టుకుని ఆ ఐదంతస్తుల భవంతికి వెళ్లింది. ఏడు నిమిషాలు కాదు, పందొమ్మిది అని ఆ చనిపోయినావిడ భర్తకు చెప్పాలని. దారి పొడుగునా ఆ మాట ఎలా మొదలుపెట్టాలో గొణుక్కుంటూనే ఉంది. తలుపు తీసింది వేరేవాళ్లు. ఆయన ఆ ఇల్లు ఖాళీ చేసి ఏడాది దాటిందట. ఎక్కడికి వెళ్లాడో ఎవరికీ తెలియదు. వాళ్లిచ్చిన మంచినీళ్లు తాగి, పిన్ని ఆ గదిని ఒకసారి కలయజూసి, "మంచి వెలుతురొస్తుందండీ మీకు" అని లేచింది. కిందికి దిగాక మెట్ల మీద కూర్చుండిపోయింది. నేనూ పక్కన కూర్చున్నాను. "అడిగిన రోజునే సరిగ్గా చెప్పి ఉండాల్సింది" అంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

పర్యవేక్షకురాలిగా రెండు నెలలు కంట్రోల్ రూము కుర్చీలో కూర్చుంది. నడుం నొప్పి, బరువు పెరగడం, ఫోన్లో వాళ్లు చెబుతుంటే తను పరుగెత్తలేకపోవడం. చివరికి వారంలో మూడు రోజులు కుర్చీ, మూడు రోజులు బండి అని ఒప్పందం చేసుకుంది. ఆమె బండి మీద ఉండే రోజుల్లో అక్కడ ఫోన్లెత్తే పనికి నేను చేరాను. వైర్‌లెస్‌లో పిన్నీ అనకూడదని, బండి నంబరుతోనే పిలవాలని ఆమే నాకు పది సార్లు చెప్పింది.

నేను చేరిన మూడో రోజు, పొద్దున పదకొండింటికి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. తాతయ్య గుండె పట్టుకుని కూలబడిపోయాడట. ఎన్నో అంతస్తు అంటే రెండు అంది. లిఫ్టు లేదంది. గేటు దగ్గర ఎవరు నిలబడతారంటే, "మా అమ్మ నిలబడుతుంది. ఎర్ర చున్నీ" అంది. అదంతా వైర్‌లెస్‌లో చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"బండి ఆగింది" అంది అవతలి నుంచి పిన్ని. గడిలో రాసుకున్నాను. ఒక నిమిషం. ఒకటిన్నర. రెండు కాకముందే వైర్‌లెస్ మళ్లీ గరగరమంది.

"మనిషి దగ్గరున్నాం. మాట్లాడుతున్నాడు. ఆక్సిజన్ పెట్టాం. పెద్ద ఆస్పత్రికి గుండెపోటు కేసని చెప్పి ఉంచండి."

"అలాగే. చెబుతున్నాను. రోగి పరిస్థితి ఎలా ఉంది?"

"పరవాలేదు. చెప్పులు వేసుకుని గానీ రానని నా మీద అరుస్తున్నాడు" అంది పిన్ని. వెనక ఎవరో ముసలాయన నిజంగానే అరుస్తున్నాడు.